కెరమెరి ఘాటు దారి

మన తెలుగువారికి యాత్ర యనగానే చిరకాలము తీర్థయాత్రయే స్ఫురించుచు వచ్చినది. కాశికి పోవువాడు కాశిని, తిరుపతికి పోవువాడు తిరుపతిని మనసునందుంచుకొని, నడుమనున్న కొండలను, వాగులను, ఊళ్ళను దాటవలసిన అడ్డంకులుగానే తలంచెడివాడు. దారిని చూచుటకొరకే దారిని పోవుట మనలో నిన్న మొన్న పుట్టిన అలవాటు. నేడు ఆదివారము వచ్చినదనిన చాలును, కారు గలవారు కారులోను, లేనివారు అద్దె బండిలోను పిల్లలను, ముసలి తల్లిదండ్రులను ఎక్కించుకొని గుట్టలు, జలపాతములు, లోయలు చూడబోవుచున్నారు. ఇది మంచి అలవాటనియే మా నమ్మకము. వంటయింటికిని, బడికిని, ఉద్యోగమునకును కట్టుబడిన ప్రాణములకు ఒకనాటి గాలి మార్పు ఔషధము వంటిది. అయితే, చూడబోయిన చోట మనము చూచుచున్నది యేమి యను ప్రశ్నను మనమింకను వేసికొనలేదు. ఆ ప్రశ్ననే చదువరుల ముందుంచ దలచితిమి.

1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి పరివారముతో కాశికి బయలుదేరి, హైదరాబాదు, నిర్మల మీదుగా నాగపురమునకు సాగిపోయెను. ఆయనది తీర్థయాత్రయే. అయినను తన కాశీయాత్ర చరిత్రలో ఆయన దేవాలయములను గూర్చి మాత్రమే వ్రాసి ఊరకుండలేదు. ఏ ఊర ఏ దినుసులు దొరకును, బాట యెట్లున్నది, ఏ సీమలో జనులెట్లు బ్రదుకుచున్నారు అను సంగతులను కూడ వ్రాసి పెట్టెను. పల్లకిలో పోవుచు ఆ పెద్దమనిషి గమనించిన పాటి సంగతులను కారులో పోవు మనము గమనింపరాదా?

మాది నస్పూరు. 2016లో ఆదిలాబాదు నుండి వేరుపడిన మంచిర్యాల జిల్లాలో, శ్రీరాంపూర్ బొగ్గుగనుల నంటియున్న ఊరు. ఇక్కడ కాలము షిఫ్టుల లెక్కన నడచును. మొదటి షిఫ్టువాడు చీకటితోనే లేచిపోవును. రాత్రి షిఫ్టువాడు పట్టపగలు తలుపులు మూసికొని నిద్రించును. ఒకే యింట ఇద్దరు బాయి పనివారున్నచో వారు ఎదురెదురుగా కూర్చుండి అన్నము తినుట పండుగనాడే. ఆదివారపు పనికి దొరకు ప్లేడే మస్టరును వదలుకొనుట ఇక్కడి కుటుంబములకు చిన్న సంగతి కాదు. ఇక మా పిల్లలకు గుట్ట యనిన గనిలోనుండి త్రవ్వి పోసిన మట్టిగుట్టయే. అది వారితో బాటు ఏటేట పెరుగుచు వచ్చినది. దేవుడు పెట్టిన గుట్టను పిల్లలకొకసారి చూపవలెనని మా తల్లిగారు పలుమారులు చెప్పుచుండిరి. అందుచేత మొన్నటి ఆశ్వయుజములో, బతుకమ్మ పండుగ గడచిన పిమ్మట వచ్చిన ఆదివారము, మేము దంపతులము, మా తల్లిగారు, పిల్లలిద్దరు, బండి నడుపుటకు మా తమ్ముడు, ఆరుగురము బయలుదేరితిమి. పులిహోర, సర్వపిండి సద్దిగా కట్టుకొంటిమి.

లక్సెట్టిపేట దాటువరకు ఎడమచేతివైపున గోదావరి ఎంతో దూరమున లేదని చల్లగాలియే చెప్పుచుండెను. దారి ప్రక్కల తంగేడు, గునుగు ఇంకను పూచియే యున్నవి. గూడెము గుట్టమీది సత్యనారాయణస్వామికి మా తల్లిగారు బండిలోనుండియే చేతులు జోడించిరి. జన్నారము చేరువ కాగా మేము పిల్లలకు హస్తినమడుగు సంగతి చెప్పితిమి. ఉట్నూరుకు ఆవల కేస్లాపూరులో నాగోబా గుడి యున్నది. ఆ దేవర మెస్రము వంశపు గోండులకు ఇలవేల్పు. ఏటేట పుష్యమాసమున మెస్రమువారు కేస్లాపూరునుండి కాలినడకను అడవులు, వాగులు దాటి, జన్నారము చెంత గోదావరిలోని హస్తినమడుగునకు వచ్చి, కలశముతో నీరు ముంచుకొని, మరల నడచియే పోయి, అమావాస్యనాటి రాత్రి ఆ నీటితో నాగోబాకు అభిషేకము చేయుదురు. రాను పోను నూరు కిలోమీటర్లకు మించిన నడక. కాళ్ళకు చెప్పులుండవు.

“కారున్నా నడిచే పోతరా, బాపూ?” అని మా చిన్నవాడడిగెను.

“నడుచుడే వాళ్ళ పూజ, బిడ్డా” అని మా తల్లిగారు మాకంటె ముందే బదులు చెప్పిరి.

మేము ఒక పూటలో దాటనున్న దారిని వారు దినములతరబడి అడుగడుగునను తాకుచు పోవుదురు. ఏ చెట్టు క్రింద నీడ యున్నదో, ఏ వాగున పుష్యమాసమందును నీరుండునో వారి పాదములకు తెలియును. ఒకే దారి రెండు విధములుగా ఎఱుకపడును గదా యని మాకు తోచినది.

జన్నారము దాటిన పిమ్మట అడవి చిక్కనగును. కవ్వాలు అడవి 1965లో అభయారణ్యముగను, 2012లో పులుల రక్షితారణ్యముగను ప్రకటింపబడినది. రోడ్డుకు ఇరుప్రక్కల టేకుచెట్లు వానలకు కడిగిన ఆకులతో నిలువుగా నిలిచియుండెను. నడుమ నడుమ వెదురు పొదలు. వన్యమృగములు దారి దాటు తావులని, హారను మ్రోగింపరాదని తెలుపు బోర్డులు కనబడినవి. అయినను మమ్ము దాటిపోయిన రెండు మూడు బండ్లు పాటలు హోరెత్తించుచునే పోయినవి. పిల్లలు మాత్రము పులి కనబడునేమోయను ఆశచేత ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. కనబడినవి కొండముచ్చులు మాత్రమే, వారికవియే చాలినవి.

ఉట్నూరులో టీ త్రాగి జైనూరు వైపు మరలితిమి. భూమి ఇక్కడ ఎత్తుగ, విశాలముగ పరచుకొనియుండును. పత్తిచేలు, జొన్నచేలు, కందిచేలు, వాటి నడుమ శుభ్రముగ అలికిన వాకిళ్ళతో గోండు గూడెములు. ఈ జైనూరు మండలములోనిదే మర్లవాయి. లోకము ఈ చిన్న గూడెమును ఎఱుగుటకు రెండు కారణములున్నవి. గుస్సాడీ నృత్యమున ఆరితేరి 2021లో పద్మశ్రీ గౌరవము పొందిన కనక రాజుగారిది ఈ ఊరే. ఆయన 2024లో కీర్తిశేషుడాయెను. రెండవది, ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య ఎలిజబెత్ ఇచ్చట గోండుల నడుమ కాపురముండిరి. గోండి భాషలో వాచకములు సిద్ధమై, గోండు యువకులు ఉపాధ్యాయులుగా శిక్షణ పొందినది ఆ కాలముననే. 1987లో ఎలిజబెత్, 1995లో హైమన్‌డార్ఫ్ మరణించిరి. వారి సమాధులు మర్లవాయిలోనే యున్నవి. ఎక్కడి వియన్నా, ఎక్కడి మర్లవాయి! చూచిపోవుటకు వచ్చినవాడు ఈ మట్టిలో కలియ గోరుటకు కారణమేమని మా అమ్మాయి అడిగినది. ఆయన ఊరక వచ్చినవాడు కాడనియు, జోడేఘాటు పోరు పిమ్మట గోండులేల తిరుగబడిరో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము నియోగింపగా వచ్చినవాడనియు చెప్పి, తక్కిన కథను జోడేఘాటులోనే చెప్పుదమంటిమి.

జైనూరు దాటిన తరువాత దారి ఘాటులోనికి దిగును. కెరమెరి ఘాటు ఇదియే. మలుపు వెనుక మలుపుగా రోడ్డు గుట్ట నంటుకొని జారుచుండగా, ఒక మలుపున ఒక్కసారిగా తెరతీసినట్లు లోయ కనబడినది. మా తమ్ముడు చోటు చూచి బండి ప్రక్కకు నిలిపెను. ఎదుట గుట్టల వరుసలు. దగ్గరివి పచ్చనివి, వాని వెనుకటివి నల్లనివి, మఱియు వెనుకటివి పొగవలె నీలమైనవి. అడుగున అడవి నడుమ అతుకులు వేసినట్లు చిన్న చిన్న చేలు. మబ్బునీడ యొకటి ఒక గుట్టమీదినుండి మరియొక గుట్టమీదికి మెల్లగా ప్రాకిపోవుచుండెను. ఈ గుట్టలమీద కురిసిన వానలో కొంత కడెము వాగుగా గోదావరిని చేరును. కొంత పెద్దవాగుగా ప్రాణహితను చేరును. విడిపోయిన ఆ రెండు నీళ్ళు మరల కాళేశ్వరము కడ కలిసికొనును. మా తల్లిగారు కొంగు తలమీదికి లాగికొని ఎంతోసేపు మాటలాడక నిలుచుండిరి. పిల్లలు పెట్టిన కేకలకు లోయ బదులు పలికినది.

అంతలో మా చిన్నవాడు మావైపు తిరిగి, “బాపూ, గింత మంచి జాగల లడాయి ఎందుకయింది?” అని అడిగెను.

కుమురం భీమును వాడెఱిగినది 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా వలన. ఆ సినిమాలోని భీము పులులతో కలియబడును. కథ అంతయు కల్పితము. ఈ గుట్టలలోని భీము అడిగినది అంతకంటె సాదాది. దున్నిన చేనికి హక్కు, అడవిలో పశువులను మేపుకొనుటకును, కట్టె తెచ్చుకొనుటకును స్వేచ్ఛ, అధికారుల వసూళ్ళనుండి విముక్తి. అడవిని సర్కారు గిరిగీసి తనదనిన పిమ్మట, రైలు, బాటలు వచ్చి బయటి సేద్యగాండ్రు మంచి భూములకు పట్టాలు పొందిన పిమ్మట, తరతరముల గోండు రైతు తన చేనిలోనే అపరాధియై నిలిచెను. జోడేఘాటు, బాబెఝరి మొదలగు పండ్రెండు గూడెములవారు భీము వెంట నిలిచిరి. జల్, జంగల్, జమీన్ అను మూడు మాటలలో ఆ కోరిక నేటికిని నిలిచియున్నది. 1940లో నిజాము పోలీసులు జోడేఘాటు గుట్టకు వచ్చి కాల్పులు జరుపగా భీమును ఆయన అనుచరులును నేలకొరిగిరి. మంచి జాగ కాబట్టియే లడాయి యయినదని మేము మా వానికి చెప్పితిమి. నీరును, నీడయు, నల్లరేగడియు ఉన్న చోటు ఎవరికి చేదు?

ఘాటు దిగి హట్టి కడ మరలి, మరల గుట్టలెక్కి జోడేఘాటు చేరితిమి. భీము విగ్రహము, సమాధి, 2016లో తెరచిన మ్యూజియము అచ్చట నున్నవి. గోండుల యింటి సామానులు, దేవతామూర్తులు, తుడుము, కిక్రి మొదలగు వాద్యములు మ్యూజియములో చూచితిమి. వెలుపల చెట్టునీడను ఒక గోండు పెద్దమనిషి కూర్చుండియుండెను. మా తల్లిగారి యీడువాడే. మా తల్లిగారు పోయి ఆయన కెదురుగా కూర్చుండిరి.

“రామ్ రామ్ అన్నా. పంట ఎట్లున్నది?”

“రామ్ రామ్ అక్కా. పత్తి ఏసినం. వానలు ఎక్కువైనయి. పూత రాలింది.”

“చేనుకు పట్టా ఉన్నదా?”

“కొంతదానికి ఉన్నది, కొంతదానికి లేదు. మా తాత దున్నిండు, మా నాయన దున్నిండు, నేను దున్నుతున్న. కాయితమే రాలే.”

మా తల్లిగారు కొంచెముసేపు నేలవైపు చూచి, “పట్టా ఉన్నా ఊరు పోతది అన్నా. మాది పోయింది” అనిరి.

మా తల్లిగారి పుట్టినూరు నేడు లేదు. బొగ్గు కొరకు భూమిని త్రవ్వినపుడు అది లేచిపోయినది. నష్టపరిహారము వచ్చినది, కొన్ని యిండ్లకు ఉద్యోగములును వచ్చినవి. అయినను చెరువుగట్టు రాలేదు, పోచమ్మ వేపచెట్టు రాలేదు, పెండ్లినాడు మా తల్లిగారు దాటిపోయిన గడప రాలేదు. మాకు మట్టిగుట్టగా కనబడునది ఆమెకు ఒక ఊరి తలాపున పెట్టిన రాయి. ఈ సంగతి మేమెఱుగనిది కాదు. కాని ఇంటికి దూరముగా, ఎన్నడు చూడని మనిషితో ఆమె అంత సూటిగా చెప్పుట విని మా పిల్లలు ఆటలు మాని దగ్గరకు వచ్చి కూర్చుండిరి. ఆ యిద్దరు వృద్ధులు ఒకరి భాష మరియొకరికి సగమే తెలిసినను ఒకరినొకరు పూర్తిగా తెలిసికొనిరి.

లేచునపుడు ఆయన మా తమ్మునితో ఒక మాట చెప్పెను. “ఫొటోలు దిగుండ్రి, మంచిదే. గూడెంల నుంచి పోయెటప్పుడు జర మెల్లగ తోలుండ్రి బిడ్డా. పిల్లలు, మేకలు దారి మీదనే ఉంటరు.”

చదువరులారా, ఈ లోయను చూడవచ్చు వారినుండి ఇక్కడివాడు అడిగినది ఇంతియే. కాని ఈ చిన్న మాటలో పెద్ద సంగతి యొకటి యున్నది. మనకు సుందరదృశ్యమైనది మరియొకనికి వాకిలి. ఆ వాకిటి చక్కదనము దానంతట నిలిచినది కాదు. బీడుపడనీయక దున్ని, వాగులను దేవతలుగా కొలిచి, కొన్ని చెట్లను నరుకరాదని కట్టుబాటు చేసికొని, ఇచ్చటి జనులు దానిని కాపాడుకొనుచు వచ్చిరి. ఆ చక్కదనమునకు పేరు పెరిగిన కొలది వారి నిలువనీడకు ప్రశ్న పెరుగుట న్యాయమా?

ఇది గడచిన కాలపు ముచ్చట మాత్రమే కాదు. 1970 నాటి ఒకటవ రెగ్యులేషను ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోరాదని శాసించినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవిలో సేద్యము చేయువారి హక్కును గుర్తించినది. చట్టములు మంచివే, చెట్టుక్రింది పెద్దమనిషి చేతికి కాయితము రావలసియే యున్నది. 2025 మే నెల చివర, కవ్వాలునకును మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికిని నడుమనున్న దారి నిలుచుటకై, ఈ జిల్లా అడవులను సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల మేర కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించుచు ప్రభుత్వము 49వ నంబరు ఉత్తరువును వెలువరించెను. దానికి పెట్టిన పేరు కుమురం భీము పేరే. భూములు పోవునను భయముతో ఆదివాసులు ఆందోళన చేయగా జులై నెలలో ఆ ఉత్తరువు నిలుపుదల చేయబడెను. పులి బ్రదుకవలెననుటలో మాకు సందేహము లేదు. పులి లేని అడవి కట్టెల దుకాణమువంటిది. కాని పులితో ఒకే అడవిలో తరతరములు బ్రదికినవానిని అడుగక, పులిని ఎన్నడు చూడనివారు కూర్చుండి గీసిన గీత నిలువదు. అడవి హక్కు కొరకు ప్రాణమిచ్చినవాని పేరు పెట్టినంత మాత్రమున ఆ గీత ఆయనది కానేరదు.

రోడ్డు సంగతియు ఇట్టిదే. ఘాటు రోడ్డు వలదని మేమనజాలము. ఈ రోడ్డు వలననే నిండు గర్భిణి ఆసుపత్రికి చేరును, గూడెము బడికి పంతులు వచ్చును, పత్తి బజారుకు పోవును. ఒకప్పుడు ఇట్టి బాటల వెంటనే వడ్డీ వ్యాపారియు, పట్టా కాయితములు చేతబట్టిన పరాయివాడును వచ్చిరనుటయు అంతే నిజము. బాటకు మంచి చెడ్డలు లేవు. దానిమీద వచ్చువాని నడతకే యున్నవి. నేడు ఆ బాటమీద ఎక్కువగా వచ్చుచున్నవారము మనము, విహారమునకు వచ్చు కుటుంబములము. కావున మన నడతయే ఇపుడు ప్రశ్న.

మాకు తోచిన కొన్ని మాటలు చెప్పుదుము. గూడెములలో బండి మెల్లగ పోనిండు. అడవిలో పాటల పెట్టె కట్టివేయుడు. సీసాలు, ప్లాస్టిక్ సంచులు తెచ్చినవారే తిరిగి తీసికొనిపోవుడు. మనుష్యులను అడుగక వారి ఫొటోలు తీయకుడు. గుస్సాడీ నెమలియీకల టోపీ వారికి పూజాద్రవ్యము, వేడుకకు పెట్టిన వేషము కాదు. గూడెపు వారమ్మునది కొని వారడిగిన ధర ఇండు. పిల్లలకు గుట్టల పేర్లు, వాగుల పేర్లు, ఆ నేలమీద పోరి పడినవారి పేర్లు చెప్పుడు; తెలియనిచో ఇక్కడివారినే అడుగుడు. అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన కొమురం భీము నవల ఇంటనుండవలసిన పుస్తకము. అన్నిటికంటె ముఖ్యముగా, పంట యెట్లున్నదని అడుగుడు. మా తల్లిగారు బడికి పోయినవారు కారు. ఆమె మొదట అడిగిన ప్రశ్న అదియే, సరియైన ప్రశ్నయు అదియే. రెండు వందల యేండ్లనాడు వీరాస్వామయ్య దారి పొడవునను విచారించినదియు ఇంచుమించు ఇదియే గదా.

ఆసిఫాబాదు, బెల్లంపల్లి, మందమర్రి మీదుగా తిరిగి వచ్చునప్పటికి చీకటి పడినది. బెల్లంపల్లి దాటిన కడనుండి రోడ్డుకిరువైపుల బొగ్గు పట్టణముల దీపములు. దేశమునకు వెలుగు కావలెను. ఆ వెలుగుకై మాబోటివారు భూమిలోనికి దిగుదురు. దానితోనే మా పిల్లలు చదువుకొనుచున్నారు. దీనిని మేము కాదనము. అయితే వెలుగుకై కొన్ని ఊళ్ళు, విహారమునకై కొన్ని ఊళ్ళు, పులికై కొన్ని ఊళ్ళు తరలిపోవుచుండగా, ప్రతిసారియు తరలువాడు ఒక్క తీరువాడే యగుటను గమనింపవలసిన బాధ్యత, అనుభవించు మనదే.

ఇక నుండి సెలవునాడు లోయలకు పోవు కుటుంబములు తప్పక పోవలెను, పిల్లలను తీసికొని పోవలెను, కన్నులార చూడవలెను. చూచి వచ్చిన మరునాడు తమ ఊరి సభలోనో, బడిలోనో, పత్రికలోనో అక్కడివారి భూమిని గూర్చి, బడిని గూర్చి, వైద్యమును గూర్చి ఒక్క మాటయైన చెప్పవలెను. మా అమ్మాయి తన బడిలో చదువుటకు జోడేఘాటును గూర్చి రెండు పుటలు వ్రాసికొన్నది. అందులో లోయ వర్ణన నాలుగు వాక్యములే. తక్కినదంతయు చెట్టుక్రింది పెద్దమనిషి చేను, దానికి రాని కాయితము.